మామయ్య మాట పడిపోయాక పరీక్షల చుట్టూ తిరిగిన నా అనుభవం

మా మామయ్యకి స్ట్రోక్ వచ్చి మాట పడిపోయింది. అది కళ్ల ముందు కనిపిస్తూనే ఉంది, దానికి మేం కొంత సిద్ధపడ్డాం కూడా. కానీ ఆస్పత్రి వార్డులో చేసిన మొదటి పరీక్ష తర్వాత "ఆలోచన, జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నాయి" అన్న అర్థం వచ్చేలా కాగితం రాసిచ్చేసరికి అత్తయ్య నీరుగారిపోయింది, ఇక ఈయన మనల్ని గుర్తుపట్టడేమో అని ఏడుపు. ఆ కాగితంలో రాసింది ఎంతవరకు నిజమో తేల్చుకోడానికి మేం చేసిందంతా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

నేను పెళ్లయి హాంకాంగ్‌లో ఉంటున్నాను. మా ఆయనది ఇక్కడే, కౌలూన్ వైపు. మామయ్య రిటైరయ్యేదాకా ఎర్ర మినీబస్సు నడిపారు, ఇంట్లో అందరూ మాట్లాడేది కాంటనీసే. నా కాంటనీస్ బజారుకి, బంధువులకి సరిపోతుంది, డాక్టర్ల దగ్గర మాత్రం మా ఆయన పక్కన ఉండాల్సిందే.

వార్డులో చేసిన పరీక్ష మొత్తం 30 మార్కులది, మాంట్రియల్‌లో తయారైనదానికి హాంకాంగ్ రూపం. ఇందులో సింహం, ఖడ్గమృగం, ఒంటె బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు, వాక్యం చెప్పి మళ్లీ చెప్పమంటారు, అయిదు మాటలు గుర్తుపెట్టుకుని కాసేపాగి చెప్పమంటారు, ఈరోజు తారీఖు ఎంత అంటారు. గడియారం గీయడం లాంటి కొన్ని పనులు తప్ప మిగతావాటికి నోటితోనే జవాబు చెప్పాలి. ఒంటె పేరు నోటికి రాని మనిషికి ఒంటె అంటే ఏమిటో తెలియదని ఎలా అనుకుంటాం? మా ఆయన ఫోన్లో మ్యాప్ తీసి చేతికిస్తే మామయ్య తను నడిపిన రూటంతా వేలితో గీసి చూపించారు, ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ బండి ఆపాలో అన్నీ. ఇంకో సంగతి, ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెట్టేవారు, కోపం వస్తే తిట్లు కూడా స్పష్టంగా వచ్చేవి, కానీ "నీళ్లు" అనడానికి మాత్రం మాట దొరికేది కాదు. నోటికి అలవాటైపోయిన మాటలు అఫేసియాలో, అంటే మెదడు దెబ్బతిని భాష పోయినప్పుడు, ఇలా మిగిలిపోవడం మామూలేనట.

పునరావాస ఆస్పత్రికి మార్చాక స్పీచ్ థెరపిస్ట్‌ని నేరుగా అడిగాం, మాట అవసరం లేకుండా ఆలోచనని చూసే పరీక్ష ఉందా అని. ఉందన్నారు, కానీ ముందు భాష సంగతి చూడాలన్నారు. అందుకు పెట్టింది కాంటనీస్ అఫేసియా బ్యాటరీ (బ్యాటరీ అంటే ఇక్కడ కొన్ని పరీక్షల కట్ట), ఇంగ్లీషులో ఉన్న వెస్టర్న్ అఫేసియా బ్యాటరీని ఆధారం చేసుకుని 1992లో కాంటనీస్ కోసం తయారుచేసింది. సొంతంగా మాట్లాడటం, అర్థం చేసుకోవడం, విన్నది తిరిగి చెప్పడం, పేర్లు చెప్పడం, వీటన్నిటికీ కలిపి వందకి మార్కులు. మామయ్యకి అర్థం చేసుకోవడం చాలావరకు బాగానే ఉంది, పేర్లు చెప్పడం దగ్గరే గట్టిగా దెబ్బతగిలింది. కాంటనీస్‌లో ఆరు స్వరాలు (మాట పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లాలు) కదా, స్వరం జారితే ఇంకో మాట అయిపోతుంది, అందుకని మామయ్యకి స్వరాలు నిలుస్తున్నాయా లేదా అని కూడా థెరపిస్ట్ విడిగా రాసుకున్నారు.

తర్వాత ఆక్స్‌ఫర్డ్ కాగ్నిటివ్ స్క్రీన్ అనే ఆలోచన పరీక్షకి హాంకాంగ్ రూపం పెట్టారు. ఇది స్ట్రోక్ వచ్చినవాళ్ల కోసమే తయారుచేసింది, మాట రాకపోయినా చాలా ప్రశ్నలకి కాగితం మీద ఉన్న జవాబుల్లో సరైనదాన్ని వేలితో చూపిస్తే చాలు. ఏ ఊళ్లో ఉన్నారు, ఏ నెల అంటే మామయ్య టకటకా చూపించారు. పేజీ నిండా ఉన్న హృదయాల బొమ్మల్లో పూర్తిగా ఉన్నవాటినే కొట్టేయమంటే కొట్టేశారు. ఇదంతా చూస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది, నిజంగా.

తడబడింది ఒక్కచోటే. గుండ్రాల్ని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా గీతతో కలపమంటే కలిపారు, త్రిభుజాల్ని కూడా అలాగే కలిపారు. ఒక గుండ్రం, ఒక త్రిభుజం, మళ్లీ గుండ్రం అంటూ మార్చి మార్చి కలపమనేసరికి గుండ్రాల దగ్గరే ఆగిపోయారు. థెరపిస్ట్ దాన్నే పట్టుకున్నారు. ఇంట్లో మామయ్య ఒక మాట కోసం ముఖం ఎర్రబడేదాకా పెనుగులాడతారు, అప్పుడు చెయ్యి చూపించొచ్చు, బొమ్మ గీయొచ్చు అని ఆయనకి తోచదు, గీయమంటే మాత్రం చక్కగా గీస్తారు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారికి మళ్లడం ఆలోచనకి సంబంధించిన పని, అది మందగించిందని ఆమె విడమరిచి చెప్పారు. నాకు మొత్తం వ్యవహారంలో ఇదే అన్నిటికంటే పెద్ద సంగతిగా అనిపించింది, ఎందుకంటే అప్పటిదాకా మేం బొమ్మలు చూపించి పేర్లు చెప్పించడం మీదే పడ్డాం.

అక్కడి నుంచి థెరపీ మారింది. టీవీ కట్టేసి ఒకసారి ఒక్కరే మాట్లాడటం, మాట ఆగిపోగానే పెన్ను చేతికివ్వడం, కాసేపు గీసి కాసేపు సైగచేసి కాసేపు మాట్లాడేలా ఆటలు. మొదట్లో పెన్ను విసిరికొట్టేవారు. ఇప్పుడు చాలాసార్లు తనే జేబులోంచి తీస్తున్నారు.

భాష ఎక్కువ దెబ్బతిన్నవాళ్లకి ఆలోచన పరీక్షల్లో కూడా సగటున మార్కులు తక్కువే వస్తాయి. మెదడులో పక్కపక్క భాగాలకి ఒకే రక్తనాళం పోతుంది, పైగా చిక్కు లెక్కలు చేసేటప్పుడు మనం లోపల మాట్లాడుకుంటూనే చేస్తాం. కానీ సగటు వేరు, మన ఎదుట ఉన్న మనిషి వేరు. హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగుల్ని చూసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో కూడా రెండు మూడు భాషలు వచ్చినవాళ్లలో సుమారు 40 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది, ఒకే భాషవాళ్లలో 20 శాతం మందికే, అఫేసియా వచ్చినవాళ్ల శాతం మాత్రం రెండు గుంపుల్లో ఇంచుమించు ఒకటే. అంటే భాష, ఆలోచన ఎప్పుడూ కలిసే దెబ్బతినాలని లేదు.

పరీక్ష ఏ భాషవాళ్ల కోసం తయారైందో కూడా అడగండి. కాంటనీస్ అంకెలన్నీ ఒక్క అక్షరంలో అయిపోతాయి కాబట్టి ఇక్కడివాళ్లు వరసగా ఎక్కువ అంకెలు గుర్తుపెట్టుకోగలరు, ఇంగ్లీషువాళ్ల కొలతతో చూస్తే ఉన్న లోపం దాగిపోతుంది. మన "తొమ్మిది", "ఎనిమిది" లాంటి పొడుగు అంకెలకి దీనికి ఉల్టా జరగొచ్చు. మొత్తం మార్కు ఒక్కటే తీసుకోవద్దు, ఏ భాగంలో ఎంత వచ్చిందో విడివిడిగా రాయించుకోండి, కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టుకునే పరీక్షకి కూర్చున్నారా చూసుకోండి. మామయ్యకి త్వరలో మళ్లీ అవే పరీక్షలు పెడతారు, ఆ గుండ్రాలు త్రిభుజాలు ఈసారి ఎలా కలుపుతారా అని అత్తయ్య ఇప్పటి నుంచే టెన్షన్ పడుతోంది.