మా ఇంట్లో వైఫై రౌటర్ అమర్చుకున్న వైనం

తెనాలిలోని మా ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నప్పుడు కేబుల్ ఆపరేటర్ మాకు ఇచ్చినవి సన్నని ఫైబర్ తీగ, దాని చివర బిగించిన చిన్న తెల్లపెట్టె మాత్రమే. ఓఎన్‌టీ అని పిలిచే ఆ పెట్టె, గాజుతీగలో కాంతి రూపంలో వచ్చే సంకేతాన్ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కు పనికివచ్చేలా మారుస్తుంది. మేము తీసుకున్న ప్లాన్‌లో దానికి వైఫై లేదు కనుక రౌటర్‌ను విడిగా కొనుక్కున్నాను. 2.4, 5 గిగాహెర్ట్జ్ వైఫై తరంగాలు రెండింటిలోనూ పనిచేసేది, గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులున్నది కావాలని అడిగి తీసుకున్నాను. చౌక రకాల్లో పోర్టులు 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతాయి. రేపు పెద్ద ప్లాన్‌కు మారినా ఆ పైవేగం ఇంట్లోకి రాదు.

తీగ బిగించడానికి వచ్చిన కుర్రాడిని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇమ్మని అడిగితే, "అవన్నీ డబ్బాలో పెట్టేశానన్నయ్యా, మీరు వైరు గుచ్చుకుంటే చాలు" అన్నాడు. అయినా వాటిని కాగితం మీద రాయించుకున్నాను. తరువాత జరిగినదంతా అతడన్న ఆ "డబ్బాలో పెట్టేశాను" అన్న మాట చుట్టూనే తిరిగింది.

కలపడంలో కష్టమేమీ లేదు. ఓఎన్‌టీ లాన్ పోర్టు (ఇంటి పరికరాలకు ఇచ్చేది) నుంచి ఒక నెట్‌వర్క్ కేబుల్‌ను రౌటర్ వాన్ పోర్టుకు (బయటి ఇంటర్నెట్‌ను తీసుకునేది) గుచ్చాలి. ఈ వాన్ పోర్టును సాధారణంగా వేరే రంగులో ఇస్తారు. ఆకుపచ్చ మూతి ఉన్న ఫైబర్ తీగ జోలికి మాత్రం పోకూడదు. దాన్ని మరీ వంచితే లోపలి కాంతి తగ్గిపోతుంది, ఓఎన్‌టీ మీద సంకేతం అందడం లేదని చెప్పే ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు రౌటర్‌లో ఏం మార్చినా ప్రయోజనం ఉండదు.

రౌటర్ అడుగున అతికించిన చీటీలో వైఫై పేరు, పాస్‌వర్డ్, సెట్టింగుల పేజీ చిరునామా ఉంటాయి. మాది 192.168.0.1. ఫోన్‌ను ఆ వైఫైకి కలిపితే "ఇంటర్నెట్ లేదు" అని హెచ్చరిక వచ్చింది. ఆ దశలో అది సహజమే; కానీ ఇంటర్నెట్ లేని వైఫైని చూసిన ఫోన్ తనంతట తానే మొబైల్ డేటా వైపు మళ్లుతుంది, అప్పుడు ఆ పేజీ తెరుచుకోదు. మొబైల్ డేటా ఆపేసిన వెంటనే పేజీ వచ్చింది, కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది.

అసలు చిక్కు ఆ తరువాతి ప్రశ్న దగ్గర మొదలైంది: కనెక్షన్ రకం డైనమిక్ ఐపీయా (ఇంటర్నెట్ చిరునామా దానంతటదే వచ్చేది), స్టాటిక్ ఐపీయా (మారని చిరునామాను మనమే నింపేది), పీపీపీఓఈయా? మన దగ్గర చాలామంది ఆపరేటర్లు వాడేది పీపీపీఓఈ పద్ధతే, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పి లోపలికి వెళ్లేది. చేతిలో వివరాలు ఉన్నాయి కనుక దాన్నే ఎంచుకున్నాను. "సర్వర్ నుంచి స్పందన లేదు" అని వచ్చింది. ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చదవాలి. పాస్‌వర్డ్ తప్పని అది అనడం లేదు. రౌటర్ తట్టిన తలుపు దగ్గర పలికేవారే లేరంటోంది. ఎందుకంటే ఆ కుర్రాడు చెప్పినట్లు ఓఎన్‌టీయే ముందుగా ఆ వివరాలతో లోపలికి వెళ్లి కూర్చుంది, వెనకనున్న రౌటర్ పిలుపును బయటికి పోనివ్వడం లేదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. రౌటర్‌లో డైనమిక్ ఐపీ ఎంచుకుంటే అది ఓఎన్‌టీ నుంచే చిరునామా తీసుకుని పనిచేస్తుంది. పరీక్షించి చూశాను, ఇంటర్నెట్ వెంటనే వచ్చింది. వీడియోలకూ, వాట్సాప్ కాల్స్‌కూ ఈ ఏర్పాటు చాలు. కానీ ఇంటి లోపలి ఐపీ చిరునామాలను బయటి చిరునామాగా మార్చే పని రెండు పెట్టెల్లోనూ జరుగుతుంది. పైగా ఓఎన్‌టీ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది కనుక, రేపు ఏదైనా ఆగిపోతే సగం సంగతి నా కంటికి కనబడదు. అందుకని రెండో దారి పట్టి, ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని ఆపరేటర్‌ను కోరాను. అప్పుడది కాంతిని కేబుల్‌కు అందించడంతో సరిపెట్టుకుంటుంది, లాగిన్ బాధ్యత రౌటర్‌కు వస్తుంది. ఆఫీసు నుంచే ఆ మార్పు చేశారు.

ఈసారి మరో సందేశం వచ్చింది: "ధ్రువీకరణ విఫలమైంది". నాకు ఇది మంచి వార్తగానే తోచింది, ఎందుకంటే అవతల ఎవరో పలికారు. వివరాలను చిన్న, పెద్ద అక్షరాలతో సహా సరిచూసుకున్నాక మిగిలిన అనుమానం ఒక్కటే. కొందరు ఆపరేటర్లు యూజర్‌నేమ్‌ను ఒక పరికరపు మ్యాక్ అడ్రస్‌కు, అంటే తయారీలోనే దానికిచ్చిన గుర్తింపు సంఖ్యకు ముడిపెడతారు. మా యూజర్‌నేమ్ అంతవరకు ఓఎన్‌టీకి ముడిపడి ఉంది. ఫోన్ ఎత్తిన అమ్మాయికి రౌటర్ చీటీ మీది పన్నెండు అక్షరాలూ చదివి వినిపించాను. ఆమె పాతది తీసేసి, "ఒక్కసారి ఆపి ఆన్ చేయండి సార్" అంది. రౌటర్ మళ్లీ లేచేసరికి వాన్ దీపం ఆకుపచ్చగా వెలిగింది. పేజీలో ఎంటీయూ, అంటే ఒక్కో డేటా పొట్లంలో పట్టే గరిష్ఠ పరిమాణం, 1492 అని కనిపించింది. 1500 బైట్ల పొట్లంలో పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది కనుక అది సరైనదే. మాకు వచ్చిన ఐపీ 100.64తో మొదలైంది. అంటే అది చాలామంది చందాదారులు పంచుకునే ఏర్పాటులోనిది. బయటి నుంచి నేరుగా మన ఇంటి కెమెరాను చేరాలనుకునేవారికి బ్రిడ్జ్ మోడ్ ఒక్కటే చాలదు.

భద్రత విషయంలో, వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే నాన్నగారి పాత ఫోన్ కలవలేదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక పెట్టాను. పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ బొత్తాన్ని పనిచేయకుండా చేశాను. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు కనుక, మా ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక పొడుగాటి తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టాను. సంక్రాంతికి వచ్చే చుట్టాల పిల్లలకోసం గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఉంచాను. అడిగినవారికి పాస్‌వర్డ్ చెప్పకపోవడం మన ఇళ్లలో జరిగే పని కాదు. పండగయ్యాక దాన్ని ఆపేస్తే సరిపోతుంది.

ఇక స్థలం సంగతి. ఫైబర్ వచ్చిన వీధి గదిలోనే రౌటర్ ఉంచితే, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఆ గదిలో దాదాపు పూర్తి వేగం వచ్చేది, వంటింట్లో మాత్రం 20 దాటేది కాదు. మా ఇంటివి పాతకాలపు ఒకటిన్నర ఇటుక గోడలు. మధ్యలో ఇనుప బీరువా కూడా ఉంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనదే కానీ గోడలు దాటే శక్తి తక్కువ, 2.4 దూరం పోతుంది కానీ చుట్టుపక్కల ఇళ్లవన్నీ అందులోనే గుమిగూడి ఉంటాయి. యాంటెన్నాలను అటూ ఇటూ తిప్పడం వల్ల నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఓఎన్‌టీని ఉన్నచోటే ఉంచి, పొడవైన క్యాట్ 6 కేబుల్ లాగి రౌటర్‌ను నడిమింటి అలమర పైకి మార్చడంతోనే ఫలితం వచ్చింది. ఆ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది కనుక ఇల్లంతా చుట్టి తెచ్చినా నష్టం లేదు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే 1, 6, 11 ఛానళ్లలో పొరుగువారివి 1లోనూ 6లోనూ ఎక్కువగా కనిపించాయి, అందుకని నేను 11 పెట్టాను.

కరెంటు పోయినప్పుడు రెండు పెట్టెలకూ విద్యుత్తు అందాలి. రౌటర్ ఒక్కటే వెలుగుతుంటే వైఫై ఉంటుంది కానీ ఇంటర్నెట్ ఉండదు. మా రెండూ 12 వోల్టులవే అయినందున, ఆంపియర్ల లెక్క, పిన్ను కొలత సరిచూసుకుని చెరొక చిన్న యూపీఎస్ కొన్నాను. వీధిలో ఫైబర్‌ను చీల్చే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. ఆపరేటర్ ఆఫీసులో బ్యాటరీ నడుస్తున్నంతసేపు మాకు నెట్ వస్తోంది.