టేపు తిప్పరా!

మన బడి పాత విద్యార్థుల సంచికకు రెండు పేజీలు పంపమని కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో నాలుగోసారి అడిగాక ఇక తప్పలేదు. "ఏదైనా రాయి, నీ అమెరికా పాటల పిచ్చి గురించైనా సరే" అన్నాడు మన బ్యాచ్ రేడియోగాడు. కాబట్టి తిట్లేమైనా ఉంటే వాడికే. రేకుల షెడ్డు గొడవ మాత్రం ఎత్తనని బుల్లెట్టుకి మాటిచ్చాను.

1988లో బడి వార్షికోత్సవం, నాటకంలో లెక్కల మాస్టారి కృష్ణుడు. మీసం తీయనని భీష్మించుకుంటే, దాని మీదే నీలం రంగు పూసేశారు కదా! రాయబారం సీన్లో పద్యం చివర రాగం ఎత్తుకున్నారు. వన్స్ మోర్. రెండోసారి అదే పద్యం, కానీ రాగం ఇంకో దారి పట్టింది. మళ్ళీ వన్స్ మోర్. ఈసారి హార్మోనియం ఆయన వెంబడించడం మానేసి, మాస్టారి మొహం చూస్తూ ఊరికే శ్రుతి పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి తనే ఒక కొత్త సంగతి వేశాడు. మాస్టారు అటు తిరిగి, నవ్వి, ఆ సంగతినే అందుకున్నారు. దుర్యోధనుడి వేషంలో డ్రిల్లు మాస్టారు గదని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ నిలబడ్డారు, పాపం. నేను స్తంభం పక్కన మా నాన్న టేప్‌రికార్డర్‌తో ఉన్నాను. సరిగ్గా అప్పుడే క్యాసెట్ ఒక సైడు అయిపోయింది.

ఇంటర్, ఇంజనీరింగుల్లో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

1996లో అమెరికా వెళ్తే రూమ్మేటు వెర్మాంట్ వాడు. వాడి మంచం కింద చెప్పుల డబ్బాల నిండా క్యాసెట్లు, ఒక్కోదాని మీద తేదీ, ఊరు. అన్నీ ఒకటే రాక్ బ్యాండు కచేరీలు, దాని పేరు ఫిష్. 1983లో వాళ్ళ రాష్ట్రంలోనే పుట్టిందట. అభిమానులు కచేరీని రికార్డు చేసుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు. అంతకు ముందటి గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండు వాళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. ఒకే పాట ఆరు క్యాసెట్లలో ఎందుకురా అంటే, ఆరూ వినిపించాడు. ఆరు దారులు. లెక్క రెండోసారి అదే పద్ధతిలో చేస్తే మార్కు కోసే మనిషి దగ్గర చదివినవాణ్ణి, నాకు వేరే చెప్పాలా?

వాళ్ళ కచేరీల్లో నాకు బాగా ఇష్టమైన వాటిలో ఒకటి నేను చూడనేలేదు. 1999 డిసెంబర్ 31, ఫ్లోరిడాలో బిగ్ సైప్రస్. అర్ధరాత్రికి కాస్త ముందు మొదలెట్టి సూర్యుడు వచ్చేదాకా, ఏడు గంటలకు పైగా ఒక్క బిగిన వాయించారు. టికెట్ ఉంది రమ్మన్నాడు రూమ్మేటు. ఆ రాత్రి మనలో సగం మంది ఎక్కడున్నామో తెలుసు కదా, వైటూకే డ్యూటీ, 2000 రాగానే తేదీ తప్పుగా చదివి కంప్యూటర్లు కూలిపోతాయేమోనని కాపలా. ఏ కంప్యూటరూ కూలలేదు. ఆ డ్యూటీ చేసినందుకే నన్ను పర్మినెంట్ చేశారు, ఇప్పుడు నా కింద నలభై మంది. చెప్పకూడదు గానీ చెప్పేశాను.

రెండోది చూశాను. 2017లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్లో పదమూడు రాత్రులు, 237 పాటలు, ఒక్కటీ రెండోసారి వాయించలేదు. రాత్రికో రకం డోనట్ పంచి, ఆ రాత్రికి ఆ పేరే పెట్టారు. జూలై 25న జామ్ పెట్టిన డోనట్. న్యూజెర్సీ రైలు దిగి పైకెక్కితే గార్డెనే కాబట్టి ఆఫీసు నుంచి అలాగే వెళ్ళాను. మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను, డ్రమ్స్ నేర్చుకుంటోంది. గుండ్రటి బొమ్మల గౌను వేసుకుని వాయించే జాన్ ఫిష్‌మన్ మీంచి దాని చూపు కదల్లేదు.

'లాన్ బాయ్' అని వాళ్ళదో చిన్న పాట. పియానో వాయించే పేజ్ మెక్‌కానెల్ మైకు పట్టుకుని పాడేస్తే నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ రాత్రి పాట అయిపోయింది, వాయించడం అవలేదు. ఒకరు ఒక ముక్క వేస్తే ఇంకొకరు పట్టుకోవడం, వదిలేయడం, నలుగురూ ఒకళ్ళని ఒకళ్ళు గమనించుకుంటూ దాదాపు అరగంట. నాకు మాత్రం కళ్ళ ముందు హార్మోనియం ఆయనా, నీలం మీసమూ. "ఎందుకు నాన్నా నవ్వుతున్నావ్?" అంది అమ్మాయి. ఆ గోలలో ఏం చెప్పను?

క్యాసెట్ నా దగ్గరే ఉంది. మొన్న కంప్యూటర్లోకి ఎక్కించాను, కమిటీకి పంపుతున్నాను. సైడు అయిపోయే ముందు ఒక గొంతు "ఒరేయ్, టేపు తిప్పరా!" అని అరుస్తుంది. అది ఎవరిదో కలిసినప్పుడు తేల్చాలి. నా అనుమానం బుల్లెట్టు మీదే, వాడు మాత్రం ఆ రోజు బడికే రాలేదంటాడు.