సిరిమాను రోజు తప్పిపోయిన మావయ్య, ఫోన్లలో తిరిగిన ఫోటో

పూజారిని పొడవాటి మాను కొనన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను జాతరలో మనిషి తప్పిపోవడం విజయనగరానికి కొత్తేం కాదు. మైకులో ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉంటారు. చిన్నపిల్లలైతే ఏడుస్తారు కాబట్టి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని పోలీసు ఔట్‌పోస్టుకి తీసుకొస్తారు. మా మావయ్య లాంటి మనిషి ఏడవడు. డెబ్బై దాటాయి, మతిమరుపు జబ్బు. ఆపి అడిగితే "ఇంటికెల్తన్నాను బాబూ" అని మర్యాదగా చెప్పి నడిచిపోతాడు. చూసినవాళ్లకి అనుమానం రావడానికి ఏమీ ఉండదు.

తొలేళ్లు, అంటే జాతర ముందురోజు, రాత్రి అత్తా మావయ్యా మా ఇంట్లోనే పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం మూడు లాంతర్ల కూడలి దగ్గర తోపులాటలో అత్త చేతిలోంచి జారిపోయాడు. సిరిమాను పైడితల్లమ్మ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగి ఆగేవరకూ ఆ జనంలో వెనక్కి మళ్లడం కుదరదు, ఫోన్లు కలవవు.

24 గంటలు ఆగితే గానీ పోలీసులు కేసు తీసుకోరని చుట్టాలందరూ చెప్పారు. అలాంటి రూలేమీ లేదు. ఆ రాత్రే మ్యాన్ మిస్సింగ్ కింద ఎఫ్‌ఐఆర్ కట్టారు. ఆ నంబరే తర్వాత అన్నిచోట్లా పనికొచ్చింది.

మేం స్టేషన్లో ఉండగానే బావ ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టేశాడు. చెల్లెలి పెళ్లినాటి ఫోటో: భుజాన జరీ కండువా, నల్లగా రంగేసిన జుట్టు, కట్టుడు పళ్లతో నవ్వు, చుట్టూ పూల బోర్డరు. నేను డీటీపీ షాపులో పనిచేస్తాను. చూడగానే గుండె గుభేల్‌మంది, అచ్చం శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. బెంగలో ఉన్న కొడుకుని ఏమంటాం. పైగా ఇప్పటి మావయ్యకి పళ్లు పెట్టుకోవడమే గుర్తుండదు. బుగ్గలు లోపలికి పోయి, తెల్లగెడ్డంతో వేరే మనిషిలా ఉంటాడు.

ఆ రోజు పొద్దున్న మా పాప సెల్ఫీ తీసింది. వెనక మావయ్య పులిహోర తింటున్నాడు. పాప మొహం కోసేసి మావయ్యని మాత్రం పెద్దది చేశాను. ఎవరెవరి ఫోన్లలోకో వెళ్లే బొమ్మలో మన పిల్లల మొహాలు ఎందుకు? మొహం ఒకటి, అదే రోజు నిలబడి ఉన్నది ఒకటి పక్కపక్కన పెట్టి కార్డు చేశాను. జనం దూరం నుంచి గుర్తుపట్టేది మొహాన్ని కాదు. నీలం గళ్ల చొక్కా, ఎత్తి కట్టిన పంచె, ఎడమవైపుకి ఒరిగే నడక. అక్షరాలన్నీ బొమ్మ మీదే వేశాను. కింద విడిగా రాస్తే చేతులు మారేటప్పుడు రాత ఒకచోటా ఫోటో ఒకచోటా అయిపోతాయి. ఏ ఊళ్లో తప్పిపోయాడు, తేదీ, సంవత్సరంతో సహా, ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ నంబరు, అత్యవసరానికి 112, దీనికోసమే కొన్న కొత్త సిమ్ నంబరు. సంవత్సరం చాలామంది వెయ్యరు. అందుకే ఎప్పుడో దొరికినవాళ్ల ఫోటోలు ఏళ్ల తరబడి గ్రూపుల్లో తిరుగుతుంటాయి.

వెయ్యనిది ఒకటుంది. మావయ్య కుడి మోచేతి లోపలివైపు తేలు పచ్చబొట్టు. స్టేషన్లో చెప్పాం, కార్డులో రాయలేదు. ఆ రాత్రే దాంతో అవసరం పడింది. బావ పోస్టులో "తగిన పారితోషికం" అని ఉంది కదా, ఫోన్లు మొదలయ్యాయి. ఒకడు మహా వినయంగా "మీ నాన్నగారు నా పక్కనే ఉన్నారండి, ఆటో ఖర్చులకి ఫోన్‌పే చెయ్యండి" అన్నాడు. చేతి మీద ఏముందో చూసి చెప్పమన్నాను. "వాచీ" అన్నాడు. మావయ్య జన్మలో వాచీ పెట్టలేదు. బావ చేత పారితోషికం మాట తీయించేశాను.

రెండో దెబ్బ ఇంకా ఘోరం. బావ పెట్టిన ఫోటోనే, పూల బోర్డరు కత్తిరించి, "ఈ ముసలాడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడు జాగ్రత్త" అని ఎవడో రాసి బొబ్బిలి వైపు గ్రూపులో పెట్టాడు. చేతులు చల్లబడిపోయాయి. 2018లో ఇలాంటి వాట్సాప్ పుకార్లకే దేశంలో చాలాచోట్ల అమాయకుల్ని కొట్టి చంపేశారు. ఆ గొడవల తర్వాతే మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ అవకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020లో దాన్ని ఇంకా బిగించి, బాగా తిరిగిన మెసేజీ ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా చేసింది. ఎఫ్‌ఐఆర్ నంబరున్న మన కార్డు అదే గ్రూపులో పెట్టించాక అడ్మిన్ ఆ చెత్త తీసేశాడు. కట్టడి మనకీ తగులుతుంది కదా, అందుకని మా వాళ్లందరికీ ఒకటే చెప్పాను: ఫార్వర్డ్ కొట్టొద్దు, బొమ్మ ఫోన్లో సేవ్ చేసుకుని కొత్తగా పంపండి. డాక్యుమెంటుగా పంపితే అక్షరాలు అలుక్కుపోవు.

అప్పటికే షేర్లు బాగానే పడ్డాయి. హైదరాబాదులో, దుబాయిలో ఉన్నవాళ్లు దండం బొమ్మలు పెట్టారు. వాళ్ల మంచితనానికి వంక పెట్టను గానీ, మావయ్య దుబాయిలో లేడు. విజయనగరం జంక్షను. ఒక లైను విశాఖ, ఒకటి శ్రీకాకుళం రోడ్డు స్టేషను మీదుగా పలాస, ఇంకోటి బొబ్బిలి, పార్వతీపురం దాటి రాయగడ. ఏ రైలెక్కాడో తెలియాలి.

"పెళ్లికి ముందు మావయ్య ఏ ఊళ్లో ఉండేవాడత్తా?" అని అడిగాను. ఇలాంటి జబ్బున్నవాళ్లకి పొద్దుటి సంగతి గుర్తుండదు గానీ పాత సంగతులు బాగా ఉంటాయి, వయసులో తిరిగిన చోట్లకే పోతామంటారు. అత్త కళ్లు తుడుచుకుని, "రాయగడ కాడ కాయితం మిల్లులో సేసినారు కదమ్మా, రెండేళ్లో మూడేళ్లో" అంది.

రాయగడ అంటే ఒడిశా. తెలుగువాళ్లు చాలామందే ఉంటారు గానీ తెలుగు కార్డు చాలదు. ఇచ్ఛాపురంలో నా స్నేహితురాలి తోటికోడలిది బరంపురం. ఆవిడ ఒడియాలో రాసి పంపితే అదే కొలతల్లో రెండో కార్డు చేశాను. దాన్ని పెద్ద గ్రూపుల్లో వెయ్యలేదు. పార్వతీపురం ఆటో స్టాండు వాళ్లకి, ఆ రూటు బస్సు కండక్టర్లకి, రాయగడ స్టేషను బయట టిఫిన్ బళ్లవాళ్లకి, మజ్జిగౌరి గుడి దగ్గర పూజ సామాన్లు అమ్మేవాళ్లకి, తెలిసినవాళ్ల ద్వారా ఒక్కొక్కరికీ పంపించాం. రోజంతా ఒకేచోట కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసేది వాళ్లే.

ఫోన్ చేసింది రాయగడ స్టేషను దగ్గర టీ కొట్టు నడిపే తెలుగాయన. ఆటో అబ్బాయి ఫోన్లో కార్డు చూశాట్ట. "మొగం పోల్చుకోలేదమ్మా, సొక్కా సూసినాను. మిల్లు బస్సు ఎప్పుడొస్తాదని అడగతన్నాడు" అన్నాడు. కుడి చేతి మడత లోపల ఏముందో చూడమన్నాను. అటు కాసేపు గొడవ గొడవగా మాటలు. తర్వాత "తేలు" అన్నాడు. వీడియో కాల్ కలిపితే మావయ్య నన్ను చూసి, "అమ్మీ, సిరిమాను తిరిగిపోనాదా?" అని అడిగాడు.

మిగతాదంతా కాగితాల పని. అక్కడి పోలీసులకి మా స్టేషన్ నుంచి ఫోన్ చేయించాం. ఎఫ్‌ఐఆర్ కాపీ, ఇద్దరి ఆధార్ కార్డులూ పట్టుకుని బావ వెళ్లాడు. సంతకం పెట్టించుకుని అప్పగించారు. తిరిగొచ్చాక మావయ్యని ఇక్కడి స్టేషన్‌కి తీసుకెళ్లి చూపిస్తే కేసు మూసేశారు. రాయగడ పోలీసుల్లో ఒకాయన, దిక్కులేకుండా తిరిగే వృద్ధులు కనబడితే 14567కి, ఒంటరి పిల్లలు కనబడితే 1098కి చెప్పాలనీ, దొరికిన పిల్లల ఫోటోలు మాత్రం గ్రూపుల్లో పెట్టొద్దనీ బావకి గట్టిగా చెప్పాడట.

దొరికిన రాత్రే అదే కార్డు మీద ఆకుపచ్చ పట్టీ అడ్డంగా వేసి "దొరికారు" అని రాసి, మొదటిది వెళ్లిన ప్రతిచోటికీ పంపాను. ఫేస్‌బుక్‌లో పోస్టు తీసెయ్యకుండా దిద్దించాను. అలా దిద్దితే షేర్ చేసినవాళ్ల దగ్గర కూడా కొత్త మాటే కనిపిస్తుంది. వాట్సాప్‌లో చేతులు మారిపోయినవాటిని ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే ఆ సిమ్‌కి ఇంకా రీచార్జి చేస్తున్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. దొరికాడండీ అని చెప్పి, ఏ గ్రూపులో వచ్చిందో కనుక్కుని, అక్కడ పచ్చ కార్డు పెట్టమంటాను. చాలామంది పెడతారు. నరసన్నపేట నుంచి ఒకాయన మాత్రం, "దొరికినోడి ఫోటో ఎవుడు సూస్తాడమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.