సీనియారిటీ జాబితాలో నా పేరు

డీఎస్సీ-2008 ద్వారా సెకండరీ గ్రేడ్ టీచరుగా, అంటే చిన్న తరగతుల టీచరుగా చేరిన నాకు, ఇన్నేళ్ల తర్వాత హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్ల సీనియారిటీ జాబితాలో నా పేరు పైవరుసలో కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆరు, పన్నెండు ఏళ్ల సర్వీసుకు వచ్చే ఇంక్రిమెంట్లతో జీతం పెరిగింది గానీ, హోదా మాత్రం చేరిన రోజు ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో 70 శాతం పదోన్నతులతోనే నింపాలన్నది నిబంధన. అయినా ఖాళీ, సబ్జెక్టు, రిజర్వేషన్ల వరుస చెప్పే రోస్టరు, కోర్టు కేసు, ఇవన్నీ ఒకేసారి అనుకూలిస్తే తప్ప ఆ కుర్చీ మనదాకా రాదు. ఇప్పుడు వాటికి టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష కూడా తోడైంది. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులకూ టెట్ తప్పనిసరి అని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదవీ విరమణకు ఐదేళ్లలోపు ఉన్నవారు ఉద్యోగంలో కొనసాగవచ్చు, కానీ టెట్ లేకుండా ప్రమోషన్ పొందలేరు. మా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చేనాటికి టెట్ అన్న మాటే లేదు.

నాకంటే ముందు వరుసలో ఉన్న మా బడి పెద్ద సారుకు ఇంకా నాలుగేళ్ల సర్వీసే ఉంది. ముప్పై ఏళ్లుగా పిల్లలకు అక్షరాలు దిద్దించిన ఆయన, మొన్న మధ్యాహ్న భోజనం వడ్డన పూర్తయ్యాక, అట్ట వేసుకున్న టెట్ గైడు తెచ్చి నా పక్కన కూర్చుని, "ఈ శిశు వికాసం పాఠం ఒక్కటి చెప్పమ్మా, నాకు పేర్లు గుర్తుండటం లేదు" అన్నారు. నా కళ్లు చెమర్చాయి. రోజూ బడి వదిలాక ఓ అరగంట ఇద్దరం కలిసి చదువుతున్నాం.