సిరొంచ అంటే భయమెందుకు?

మాది సిరొంచ అనగానే నాగపూర్‌లోనైనా వరంగల్‌లోనైనా వచ్చే మాట ఒకటే, "అమ్మో, నక్సల్స్ ఏరియా!" మా మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో తుపాకుల చరిత్ర లేదని నేననను. ఉంది, మా పెద్దవాళ్లు ఇటు నక్సలైట్లకీ అటు పోలీసులకీ భయపడుతూ మధ్యలో నలిగిపోయారు. నలిగినవాళ్ల మీదే మళ్లీ ఆ ముద్ర వేస్తే ఎట్లా?

చెల్లికి మంచిర్యాల సంబంధం వచ్చింది. ఫొటో నచ్చింది, జాతకాలు కలిశాయి, తీరా పిల్లని చూడ్డానికి రమ్మంటే "పేరు వింటేనే భయమైతుందన్నా, మీరే ఇటు తీసుకురండి" అన్నారు. నాన్న ఫోన్ పెట్టేసి ఆ సంబంధమే వద్దన్నారు. నాకూ అదే సరైందనిపించింది.

బదిలీ మీద వచ్చే ఉద్యోగులు 'శిక్ష పోస్టింగ్' అంటారు. జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరం, సగం అడవి దారి, వాళ్ల టెన్షన్ నాకర్థమవుతుంది. కానీ ఆ దూరం మేం పెట్టుకున్నది కాదు. 1860లో నిజాం నుంచి ఈ ప్రాంతం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక అప్పర్ గోదావరి జిల్లాకు సిరొంచే కేంద్రంగా ఉండేది.

అంగడి రోజు ఒకసారి వచ్చి చూడండి. ఎండుచేపలమ్మే అవ్వ మాకు తెలుగులో ధర చెబుతుంది, మాస్టారుతో మరాఠీలో బేరమాడుతుంది, అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లతో గోండిలో నవ్వుతూ మాట్లాడుతుంది, చిల్లర లేకపోతే "వచ్చే వారం ఇయ్యిలే బిడ్డా" అని చేప చేతిలో పెట్టి పంపిస్తుంది. ఇట్లాంటి ఊరికి భయపడాలా?

మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో భారీ డైనోసార్ ఎముకలు వందల్లో బయటపడ్డాయి. దానికి రవీంద్రనాథ్ టాగోర్ పేరు కలిపి బారాపాసారస్ టాగోరై అని పెట్టారు, అస్థిపంజరం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 2019లో ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజ్ అవతలి కొస కూడా పోచంపల్లి వైపే. 2023లో పిల్లర్లు కుంగినప్పుడు టీవీలన్నీ బ్యారేజ్‌నే చూపించాయి. వెనక నీళ్లు పొలాల్లోకొచ్చి పంట పోయిన మా ఒడ్డు రైతుల గోడు ఎంతమందికి తెలుసు?

కాళేశ్వరం దర్శనానికి ఎలాగూ వస్తుంటారు కదా, గోదావరి వంతెన దాటితే మా ఊరే. ఓపికుంటే ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూరు దాకా కూడా పోవచ్చు. ముందు రండి, చూడండి, మా వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఆ తర్వాత మా ఊరి గురించి ఏమన్నా వింటాను.