పడవ లైబ్రరీ కోసం నాగార్జున నగర్‌కి

మా మేనకోడలు గ్రంథాలయోద్యమం మీద పీహెచ్‌డీ చేస్తోంది. "మావయ్యా, రేపు ఖాళీయేనా? యూనివర్సిటీ లైబ్రరీకి తోడు రా" అంటే కాదనలేకపోయాను. పొద్దున్నే విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కాం. వారధి, మంగళగిరి, కాజ టోల్‌గేటు దాటితే నాగార్జున నగర్. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ ఉన్నది అక్కడే. అది 1967లో గుంటూరులో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటర్‌గా మొదలై, 1976లో విడిగా విశ్వవిద్యాలయమైంది.

దారంతా ఆమె పాఠమే. 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలతో పీహెచ్‌డీ థీసిస్‌కి సాఫ్ట్ కాపీ కూడా ఇవ్వాల్సి వచ్చిందట. గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం నడిపే శోధ్‌గంగ వెబ్‌సైటులో వాటిని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. 2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకం వచ్చింది. ముప్ఫై మంది పబ్లిషర్ల జర్నల్స్ (పరిశోధన పత్రికలు), దాదాపు 13 వేలు, ప్రభుత్వ విద్యాసంస్థలకి అందుతాయి. మూడేళ్లకి 6 వేల కోట్లు కేంద్రానివే.

"అన్నీ ఫోన్లోనే ఉంటే ఈ ఎండలో మనకెందుకమ్మా ఈ తిప్పలు?" అన్నాను.

"మన పడవ అందులో లేదుగా!"

పడవంటే 1935 నాటి పడవ లైబ్రరీ. పాతూరి నాగభూషణం గారి చొరవతో పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ మీద తిరుగుతూ ఒడ్డున ఉన్న ఊళ్లకి పుస్తకాలిచ్చేది. పెదవడ్లపూడి మంగళగిరికి దగ్గరే. ఇన్నేళ్లుగా ఆ వైపు తిరుగుతున్నా ఈ ముక్క నాకు తెలియదు. ఇలాంటివి విదేశీ జర్నల్స్‌లో ఎందుకుంటాయి? సభల కరపత్రాల్లో, సంఘాల వార్షిక నివేదికల్లో, పాత పత్రికల్లో ఉంటాయి. వాటి జాడ తెలియాలంటే పాత థీసిస్‌లు తిరగేయాలి. అవి శోధ్‌గంగలో కొన్ని ఎక్కాయి, అన్నీ కాదు.

లైబ్రరీలో బ్యాగులు బయట పెట్టి, రిజిస్టర్లో సంతకం చేసి లోపలికెళ్లాం. పోటీ పరీక్షల పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకుని ఫ్యాన్ కింద చదువుకుంటున్నారు. లైబ్రరీకి అది కూడా పనే అంటాను నేను. మా మేనకోడలు కంప్యూటర్లో నంబరు వెతికి చీటీ మీద రాసిచ్చింది. నల్ల క్యాలికో బైండు, బంగారు రంగు అక్షరాల థీసిస్ ఒకటి వచ్చింది. ఇంగ్లీషు టైపు. తెలుగు పేర్లు వచ్చినచోట ఖాళీ వదిలి, తర్వాత పెన్నుతో చేత్తో రాశారు. ఒక పేజీలో 'ళ' కొట్టేసి మళ్లీ రాశారు. ఆ రాసినవారి ఓపిక మీద నాకు గౌరవం కలిగింది. ఆమె మాత్రం థీసిస్ జోలికే పోకుండా నేరుగా చివరి ఆధారాల పట్టిక తీసింది. ఏ పాత పత్రిక, ఏ సంఘం నివేదిక అని పెన్సిల్‌తో దించుకుంటూ కూర్చుంది.

భోంచేసి గుంటూరు వెళ్లాం. బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. లంకా సూర్యనారాయణ గారు కూడబెట్టిన పుస్తకాలవి. సాయంత్రం దాకా ఆమె పత్రికల కట్టల్లో మునిగితే, నేను బయట టీ తాగి వచ్చాను.

"దొరికిందా?"

"పడవ ఉన్నట్టు దొరికింది. వేసవిలో కాలువ కట్టేస్తే పుస్తకాలు ఎలా తిప్పారో మాత్రం లేదు మావయ్యా."

పెదవడ్లపూడిలో పెద్దవాళ్లని అడగాలంటోంది. అక్కడికి నా బండి మీద వెళ్దామన్నాను.