పెద్దాయన రైఫిలు

శనివారం. వీధి చివరి ఇంటి పెద్దాయన ఫోను చేసి, "మీ దేశంలో తయారైన రైఫిలు ఒకటి నా దగ్గరుంది, చూసి పెడతారా?" అన్నారు. నాకు పాత తుపాకుల పిచ్చి ఉందని ఈ టెక్సస్ వీధిలో అందరికీ తెలుసు. సాయంత్రం వెళ్లాను.

తూటాను గొట్టంలోకి నెట్టి మూసే కడ్డీని, అంటే బోల్టును, వెనక్కి లాగి, లోపల తూటా లేదని వేలితో తడిమి చూశాకే బల్ల మీద పెట్టాను. లీ-ఎన్‌ఫీల్డ్, నంబర్ 1 మార్క్ 3 స్టార్, బ్రిటిష్ సైన్యం వాడిన రకం. కుడివైపు ఉక్కు మీద కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. అని జార్జి చక్రవర్తి పొడి అక్షరాలు, ఇషాపూర్, 1942. కోల్‌కతా దగ్గరి కర్మాగారం పేరు ఇంత దూరంలో కనబడితే ముచ్చటేసింది.

ఆయన రైఫిలుకున్న కర్ర భాగం మెరుపు చూసి మురిసిపోతున్నారు. నాకు నచ్చనిదే అది. అప్పట్లో సైన్యం కర్రకు అవిసె నూనె పట్టించేది కానీ వార్నిషు పూసేది కాదు. ఎవరో గరుకు కాగితంతో బాగా రుద్దేశారు. తనిఖీ ముద్రలు సగం మాసిపోయాయి. ఉక్కు కన్నా కాస్త ఎత్తుగా ఉండాల్సిన కర్ర దాని కిందికి దిగిపోయి, గోరు పెడితే మెట్టులా తగులుతోంది. పైన పటారం!

మూతి దగ్గరి తొడుగు మీద వేరే నంబరు ఉన్నా నాకేమీ అనిపించలేదు. ముందు కర్ర చీలకుండా అడ్డంగా బిగించిన మర కూడా ఇషాపూర్ పనే. కొలువు చేసిన తుపాకికి మరమ్మతులు సహజం. వాటిని చూపి ధర తగ్గించేవాళ్లు తగ్గించనీ. బోల్టు నంబరు, అది కూర్చునే రిసీవరు అనే ఉక్కు భాగం నంబరు ఒకటే కావడం ముఖ్యం, ఆ రెండింటినీ జతగా అమర్చి సరిచూస్తారు కనుక.

గొట్టంలో టార్చి వేస్తే ఎడమకు మెలితిరిగిన ఐదు గాడులు స్పష్టంగా కనిపించాయి. మూతి వైపు మాత్రం తుప్పు తిన్న గుంటలు. పాత తూటాలు పేలాక మిగిలే ఉప్పు తేమను పీలుస్తుంది. అందుకే అప్పట్లో వేడినీళ్లు పోసి కడిగేవారు. ఎవరో బద్ధకించినట్టున్నారు.

"నాన్న బర్మా యుద్ధం నుంచి తెచ్చారు," అన్నారాయన. గొట్టం కింద సన్నటి అక్షరాల్లో ఒక అమెరికన్ దిగుమతిదారు ముద్ర ఉంది. 1968లో అమెరికా తుపాకుల చట్టం వచ్చాక, దిగుమతి చేసి అమ్మే తుపాకుల మీద వేయాల్సి వచ్చిన ముద్ర అది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని చదివి, "అయితే కొనుక్కొచ్చి మాకు కథ చెప్పాడన్నమాట!" అని పగలబడి నవ్వారు.

వార్నిషు గీకేయనా అని అడిగితే వద్దే వద్దన్నాను. మిగిలిన ముద్రలూ పోతాయి. తుపాకులు బాగుచేసేవారు తూటా కూర్చునే చోటు సరిగ్గా ఉందో లేదో గేజి అనే కొలత సాధనం పెట్టి చూసేదాకా కాల్చవద్దనీ చెప్పాను.